చుట్టను సిగరెట్టుగా లెక్కగట్టాను

ఒక మనిషి ప్రాణం పోయింది. ఒక ఆడమనిషి ఉద్యోగం పోయింది, దాంతో పాటు ఊళ్ళో పరువూ పోయింది. ఇంకెందరికి ఏమేం పోయాయో నాకు తెలియదు. తెలియదనడం కూడా అబద్ధమేనేమో. పదేళ్ళుగా ఈ కూడికను మోస్తున్నాను. మీ ముఖం నేను చూడలేదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది పదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. రాజమండ్రిలో ఒక ధర్మాసుపత్రిలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అందరూ లెక్కల మాస్టారనేవారు. ఆ పిలుపంటే నాకెంత ఇష్టమో! ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముదరకముందే పట్టాలని ఆసుపత్రివాళ్ళు గోదావరి మధ్యనున్న లంక గ్రామాలకు ఆరోగ్య కార్యకర్తలను పంపదలచారు. వాళ్ళకు ఫారం నింపడం నేర్పే పని నాకిచ్చారు. రోజుకు ఎన్ని కాలుస్తారు, ఎన్నేళ్ళుగా కాలుస్తున్నారు, ఈ రెండూ గుణిస్తే ఆరువందలు దాటినవాళ్ళను స్కానింగుకు పంపాలి. డాక్టర్లు ఆ హద్దు పెట్టింది సిగరెట్లకు. లంకల్లో కాల్చేది చుట్ట. రెంటికీ కలిపి ఒకే గడి గీసింది నేను.

శిక్షణ రెండో రోజు సత్యవేణి అనే కార్యకర్త లేచింది.

"మాస్టారండీ, లంక పొగాకు చుట్టండి. పొద్దున్న ముట్టిస్తే ఆర్పుకుంటా, ముట్టించుకుంటా మధ్యాన్నం దాకా లాగుతారండి. అదీ సిగరెట్టూ ఒకటేనేంటండి?"

"అయితే ఇంటింటికీ తక్కెడ పట్టుకెళ్తావేంటమ్మా?" అన్నాను. గదంతా నవ్వింది.

"మా మావయ్యగారి చుట్ట కొట్లో తూయించానండి. నాలుగు సిగరెట్ల పొగాకుందండి."

"లెక్కలు నాకొదిలెయ్యమ్మా. నువ్వు గడి నింపు, చాలు."

ఆ సాయంత్రం నేనూ తూచి చూశాను. ఆమె చెప్పింది నిజం. మర్నాడు ఒక్క మాట అంటే సరిపోయేది, చుట్టలైతే నాలుగుతో గుణించండి అని. ఎందుకనలేదు? నాతో కలిసి నవ్విన ఆ గది ముందు, ఆమె చెప్పిందే ఒప్పని నా నోటితో చెప్పలేక.

సత్యవేణి తన మామగారి ఫారం నింపింది. రోజుకు నాలుగు, నలభై అయిదేళ్ళు. నూట ఎనభై. అంచున పెన్సిలుతో రాసింది: 'చుట్ట కాబట్టి నాలుగింతలు. ఏడువందల ఇరవై. పంపాలి.' నేను పక్కన పెట్టేశాను. ఏడాది తిరగకుండా ఆయన నెత్తురు కక్కుకున్నారు. క్యాన్సర్ ముదిరిపోయిందన్నారు. ఇంట్లోనే కార్యకర్త ఉండగా ఎలా తప్పిపోయిందని డాక్టరుగారు ఫారం అడిగారు. పెన్సిలు రాతున్న అంచు చింపేసి ఇచ్చాను. చుట్టకు నాలుగింతలు వెయ్యమని నేను నేర్పాననీ, ఆవిడే వెయ్యలేదనీ చెప్పాను. నా మాటే నమ్మి ఆమెను తీసేశారు. ఆయన పోయాక, మామను చేతులారా చంపుకుందన్నారు ఊళ్ళో.

తర్వాత కట్ట విప్పి అందరి ఫారాలూ మళ్ళీ లెక్కగట్టాను. వెళ్ళవలసి ఉండీ స్కానింగుకు వెళ్ళనివాళ్ళు ఇంకా ముప్పై ఒక్కరు తేలారు. వాళ్ళను పిలిస్తే నా అబద్ధం బయటపడుతుంది. కట్ట మళ్ళీ కట్టేశాను. అప్పుడే పిలిచి ఉంటే ఎందరు బతికేవారు? ఒక్కరా? పదిమందా?

కిందటేడు ఆ పేర్లు పట్టుకుని పడవెక్కాను. నాలుగిళ్ళకు వెళ్ళాను. ముగ్గురు దగ్గుతో పోయారన్నారు. నాలుగో ఆయన అరుగు మీద కూర్చుని దగ్గుతూ, మర్యాదకు నాకో చుట్ట అందించాడు. అందుకున్నాను. స్కానింగు తీయించుకోండి అనే రెండు ముక్కలు చెప్పకుండానే పడవెక్కి తిరిగొచ్చేశాను. ఆయన ఇప్పుడు ఎలా ఉన్నాడో!

క్షమించమని అడగను. ఇంత రాశాక ఊపిరి కాస్త లోపలికి పోతోంది, అంతే. వెళ్ళీ చెప్పలేదు కాబట్టి ఆ నాలుగిళ్ళూ తీసివేతకు రావు. ముప్పై ఒకటి, సత్యవేణి ఇల్లొకటి. నిజం చెప్పవలసిన గుమ్మాలు ఈ రోజుకీ ముప్పై రెండు.