ఎండకు పట్టి చూసిన రీలు

పోలీసు చర్య తర్వాత సికింద్రాబాదు చల్లబడిందంటే బందరులో ఉన్న మా ఆవిడ నమ్మడం లేదు. ఫోటోలు చూస్తేనైనా కాపురానికి వస్తుందని డబ్బా కెమెరా కొని, తీయడం సొంతంగా నేర్చుకున్నాను. ఈ రోజు రెజిమెంటల్ బజారులో ఎనిమిదో ఫోటో, అంటే రీలులో చివరిది, తీయగానే ఒక పోలీసు ఆపాడు.

“డబ్బల ఏముంది? తెరువు.”

“తెరిస్తే బొమ్మలు పోతాయండీ.”

“తెరిస్తే పోయేదేందయ్యా? ఏదో దాస్తున్నవ్!”

రీలంతా బయటికి లాగి, ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏం లేదు గద! గింతదానికి ఎందుకు పరేషాన్ అయితవ్? పో.”

వెలుతురు తగిలి ఎనిమిదీ పోయాయి. ఊరు నిజంగా చల్లబడిందా అని ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. మీరైతే మా ఆవిడకు ఏమని రాస్తారు?