కోపమొస్తే అరుస్తాడా అని అడిగినందుకు

విడాకులైన కొత్తలో మా వదిన "కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండు" అంది. ఆ కొన్నాళ్ళకు ఇప్పుడు పదిహేనేళ్ళు. కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను, అన్న ఇంటి మేడమీద రెండు గదుల్లో ఉంటాను. మేడకు మెట్లు కింది హాలులోంచే ఉన్నాయి. నేను బయటికి పోయినా, లోపలికి వచ్చినా మా వదిన కుర్చీకీ టీవీకీ మధ్యలోంచి నడవాలి. మెట్లు బయటినుంచి కట్టించమని మా అన్నతో ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. "ఒంటి ఆడమనిషి ఉండే తావుకు బయట మెట్లేంటికి?" అంటాడు. మేడమీద కూర్చుని ఫోనులో నవ్వినా కిందినుంచి "ఎవరు పాపా?" అని వినిపిస్తుంది. నలభై ఏడేళ్ళ పాపను నేను.

పెళ్ళి ఒకసారి చూశాను, చాలు. నాకు కావలసింది వాదించడానికి ఒక మనిషి. ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ, నాది తప్పంటే ఎందుకు తప్పో చెప్పగలిగే మనిషి. అలాంటి కోరిక కర్నూలులో ఎవరితో చెప్పుకుంటాం? అందుకే ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోనులో కొత్తవాళ్ళను పరిచయం చేసే యాప్ ఒకటి వెతికాను: నమ్మదగినది, ఉచితమైనది, మన ప్రాంతంవాళ్ళు ఉండేది. మొదటిది నా ఫోనులోని నంబర్లన్నీ ఇమ్మంది, తీసేశాను. రెండోదాంట్లో ఎవరో రాశారని గంట మోగుతుంది, ఏం రాశారో చదవాలంటే డబ్బు కట్టాలి. మూడోది నిజంగానే ఉచితం. మనిషి అసలువాడని చూపే నీలం గుర్తు మాత్రం అందులో డబ్బు కట్టినవాళ్ళకే. డబ్బు కడితే అబద్ధాలకోరు నిజాయితీపరుడెలా అవుతాడో నాకు అర్థం కాలేదు.

దూరం పది కిలోమీటర్లని పెట్టాను. మొట్టమొదట కనిపించింది నా మూడో సంవత్సరం విద్యార్థి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కొండారెడ్డి బురుజును ఆనుకుని, వయసు ఇరవై తొమ్మిదని రాసుకున్నాడు. హాజరు పట్టీలో వాడి వయసు నాకు తెలియదా. తరువాత వరసగా బురుజు ముందు దిగిన ఫోటోలే. ఎనిమిదో బురుజు ముందు మా వీధి చివరి ఇంటాయన ఉన్నాడు. ఆయన భార్య నాకు వారం వారం కరివేపాకు ఇస్తుంది. దగ్గరివాళ్ళు కావాలని వెతికింది నేనే. తీరా చూస్తే నేను భయపడుతున్నది దగ్గరివాళ్ళకే. దూరం గీతను చివరిదాకా జరిపేశాను.

అప్పుడు వచ్చాడు ఆయన. రెండు వందల నలభై కిలోమీటర్ల దూరం. మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఆఫీసు పని, సొంత ఊరు కమలాపురం దగ్గర. వయసు యాభై ఒకటి, భార్య పోయి ఆరేళ్ళు. నా గురించి నేను రాసుకున్నది ఒక్కటే ముక్క: "వాదిస్తాను, ముందే చెబుతున్నాను." మిగతా మగవాళ్ళందరూ దానికి ఒక గులాబీ పువ్వు పంపారు. ఆయన మాత్రం "దేని గురించి?" అని రాశాడు.

రెండు నెలలు వాదించుకున్నాం. భార్య జబ్బు గురించి డాక్టరు చెప్పిన మాట ఆమెకు తాను చెప్పలేదని, అది తప్పా అని అడిగాడు. తప్పేనన్నాను. ఆమె శరీరం గురించి ఆమెకే తెలియకుండా చేయడానికి మీరెవరన్నాను. మరుసటి రోజు "నిజమే. ఈ మాట ఎవరూ అనలేదు నాతో" అని రాశాడు. గనుల దుమ్ముకు కళ్ళద్దాలు రోజుకు ఎన్నిసార్లు తుడుస్తాడో రాసేవాడు. నేను మా ఇంటి మెట్ల గురించి రాశాను. దాని మీద మాత్రం ఒప్పుకోలేదు. "ఉద్యోగం చేసే మనిషి మీరు. మెట్లు మిమ్మల్ని ఏం ఆపుతాయి? మీరే ఆగినారు" అన్నాడు. ఆ వాదన తేలలేదు.

కడపలో కలుద్దామనుకున్నాం. శనివారం పగలు పదకొండింటికి, బస్టాండు దగ్గర ఒక హోటల్లో. కడపలో పరీక్ష పేపర్లు దిద్దే పని ఉందని ఇంట్లో చెప్పాను.

చెప్పాక భయం మొదలైంది. నన్ను చేసుకున్నాయన కూడా మొదటి రెండు నెలలు చక్కగానే మాట్లాడాడు. తరువాతే గ్లాసులు విసరడం తెలిసింది. ఈయన ఎలాంటివాడో యాప్ చెప్పలేదు. కానీ మావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సంబంధం వస్తే ఆ ఊళ్ళో ఉన్న బంధువుకు ఫోను చేసి విచారిస్తారు. రెండు ఫోన్లలో మూడు తరాల గుట్టు బయటపడుతుంది. అంత నమ్మదగినదీ, అంత ఉచితమైనదీ ఇంకొకటి లేదు.

కమలాపురంలో ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఫోను చేశాను. మా కాలేజీలో ఒక మేడమ్‌కు సంబంధం వచ్చిందని చెప్పి ఆయన వివరాలు ఇచ్చాను.

"ఆ ఇల్లు తెలుసులే. భూమి ఎంతుండాదో కనుక్కోవల్నా?" అంది అక్క.

"అది వద్దులే. కోపమొస్తే అరుస్తాడేమో కనుక్కో. భార్యను ఎట్ల చూసుకున్నాడో అడుగు."

అక్క ఇంక భూమి మాట ఎత్తలేదు. "సరే మే, కనుక్కుంటా" అంది.

మూడో రోజు ఫోను చేసింది. ఆయన గొంతు లేచిందని విన్నవాళ్ళు లేరట. భార్య మంచంలో ఉన్న ఏడాదీ తనే ఆమె తల దువ్వేవాడట. ఫోను పెట్టేసి, బడిపిల్లలాగా గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆ సంతోషం ఒక్క పూటే. సాయంత్రం కాలేజీనుంచి వచ్చేసరికి మా అన్న హాలులో నిలబడి ఉన్నాడు. టీవీ కట్టేసి ఉంది.

"కమలాపురం ఆయప్ప వాళ్ళన్న ఫోన్ చేసినాడు. మన తరఫునుంచి అడిగినారంట కదా. వాళ్ళకు ఇష్టమే అంట. ఆదివారం వస్తాండారు."

అక్కకు ఫోను చేసి అరిచాను. "మేడమ్‌కు అని చెప్పినా కదా?"

"ఏ మేడమ్మే? వేరేవాళ్ళ కోసమైతే భూమి అడుగుతారు, ఇల్లు అడుగుతారు. కోపమొస్తాదా అని ఎవరన్నా అడుగుతారా? సొంతానికే అడుగుతారు. నీ బాధ నాకు తెలీదా?" అంది. ఆమె గొంతులో ఏడుపు ఉంది. ఇంక ఏమని తిట్టను?

శనివారం కడప ప్రయాణం ఆగిపోయింది. ఆదివారం వాళ్ళు వచ్చారు. మా వదిన నాకు పట్టుచీర కట్టించి, రెండు నెలలుగా మాట్లాడుతున్న మనిషికి, ముక్కూమొహం తెలియనట్టు, నాచేత కాఫీ ఇప్పించింది. ఆయన జేబులో కళ్ళద్దాల గుడ్డ మడిచి పెట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వబోయి, ఆపుకుని, గ్లాసు తీసుకున్నాడు.

"ఏమ్మా, నీకు ఇష్టమేనా?" అన్నాడు వాళ్ళ అన్న.

"పెళ్ళి వద్దు నాకు. ఆయనతో మాట్లాడడం మాత్రం కావాలి. కడపలోనో ఈడనో కలిసి మాట్లాడుకుంటాం" అన్నాను.

"మాట్లాడేదేముందమ్మా? పెండ్లయినంక కూర్చోని మాట్లాడుకోండి, ఎవరొద్దన్నారు?"

"ఆమె చెప్పేది కరెక్టే అన్నా" అన్నాడు ఆయన మెల్లగా.

"నువ్వుండప్పా. పెండ్లి వద్దంటే ఇంగ మాటలేంటికి?"

హాలులో ఉన్న అందరికీ అది న్యాయంగానే తోచింది. క్లాసులో అరవైమందిని నిలబెట్టి మాట్లాడతాను. ఆ రోజు మళ్ళీ నోరు తెరిచి, మా అన్న ముఖం చూసి మూసుకున్నాను. ఔననాలి, లేదా కాదనాలి. వాళ్ళ దగ్గర మూడోది లేదు. కాదన్నాను. వాళ్ళు లేచారు. వదిన వాళ్ళ గ్లాసులు తీస్తూ, "ఇంగ పేపర్లు కర్నూల్లోనే దిద్దుకో పాపా" అంది.

మేడమీదికి వెళ్ళి ఫోను చూశాను. యాప్‌లో ఆయన పేరు కింద దూరం రెండు కిలోమీటర్లని ఉంది. చూస్తుండగానే అది నాలుగు కిలోమీటర్లయింది. నేను రాయడం మొదలుపెట్టాను, ఈ మనుషులందరూ ఎందుకు తప్పో ఆరు కారణాలతో. మూడోది రాస్తుండగా ఆయన సందేశం వచ్చింది.

"కలిస్తే ఎవరో ఒకరు చూస్తారు. మీ అన్నకు చెప్తారు. మీకే కష్టం. ఇంగ రాయను. మెట్ల గురించి మీరు చెప్పిందే నిజం, ఈ రోజు చూసినాను."

ఫోను మోత విని కిందినుంచి వదిన "ఎవరు పాపా?" అంది.

"ఎవరూ లేరు వదినా" అన్నాను.