డబ్బాలో పోసిన దశమూలారిష్టం

1958లో నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆయుర్వేద మందుల కంపెనీలో ప్యాకింగ్ మేనేజరుని. మేనేజరు అన్నది పేరుకే. సీసాలు కడిగించడం, మందు నింపించడం, బిరడా మీద లక్క పోయించడం, లేబుళ్ళు అంటించడం నా పని. ఆ ఏడాది జరిగిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట మా యజమాని మీద, సగం నా మీద.

మా కంపెనీకి పేరు తెచ్చింది దశమూలారిష్టం, బాలింతలు తాగే మందు. పది రకాల వేళ్ళ కషాయంలో బెల్లం, కరక్కాయ, ధాతకీ పువ్వు, ఇంకా ఏవేవో దినుసులు వేసి పులియబెడతారు. నెల తరువాత వడకట్టి టేకు పీపాల్లో పోసి ఎనిమిది నెలలు కదపకుండా ఉంచుతాం. దీన్ని ఏజింగ్ అనేవాళ్ళం, అంటే మందుకు వయసు రానివ్వడం. కొత్త అరిష్టం నాలుక మీద గరగరలాడుతుంది. వయసొచ్చింది గొంతులోకి మెత్తగా దిగుతుంది. పులిసిన మందు కనుక అందులో కాస్త మత్తు దానంతటదే పుడుతుంది. ఆ కాస్తతోనే వచ్చింది చిక్కంతా.

అవి మద్యనిషేధం రోజులు. ఎర్రటి మందు నిండిన సీసా కనపడితే చాలు, దారిలో తనిఖీవాళ్ళెవరో ఒకరు బండి ఆపించి పార్సిలు విప్పించేవారు. బిరడా తీసి వాసన చూసేవారు. శాంపిలు పేరుతో రెండు సీసాలు పట్టుకుపోయేవారు. ఆ శాంపిళ్ళు ఏ ప్రయోగశాలకు చేరాయో పట్టుకుపోయినవాళ్ళకే తెలియాలి. మిగిలినవాటిలో కొన్ని బండి కుదుపులకు పగిలేవి. ఒకరోజు మా యజమాని విసిగిపోయి, ఇక సీసాలు మానేసి రేకు డబ్బాలు వాడదామన్నాడు.

"సీసా అయితే నలుగురి కంటా పడుతుందయ్యా సాంబశివరావూ. డబ్బా మీద ధన్వంతరి బొమ్మ వేశామనుకో, దణ్ణం పెట్టి వదిలేస్తారు."

"పుల్లటి మందండీ ఇది. ఊరగాయ జాడీలో పెడతాం గానీ రేకు డబ్బాలో పెడతామా? అంతగా కావాలంటే లోపల లాకర్ ఉన్న డబ్బాలు తెప్పిద్దాం," అన్నాను. లాకర్ అంటే పులుపు రేకుకు తగలకుండా లోపల వేసే పూత. అవి మద్రాసు నుంచి రావడానికి రెండు నెలలు పడుతుందని తెలిసింది. అన్నాళ్ళు ఆగే ఓపిక ఆయనకు లేదు.

చివరికి ఒక పరీక్షకు ఒప్పించాను. ఒకే పీపాలోంచి ఒక సీసా, రెండు మామూలు డబ్బాలు నింపి, నా బీరువాలో పక్కపక్కన పెట్టాను. మూడు నెలలు చూద్దామన్నాను. పదోరోజే ఆయన వచ్చి ఒక డబ్బా తెరిచి రుచి చూశాడు.

"బ్రహ్మాండంగా ఉంది. ఇంకేం చూస్తావు?"

"చెప్పుకున్న గడువు దాకా ఆగుదామండీ."

"పీపాలో ఎనిమిది నెలలు ఆగాం, చాల్లేదా? నీకు ప్రతిదానికీ అనుమానమే."

అక్కడ నేను నోరు మూసుకున్నాను. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, అందరికీ ఉండే సాకులే నాకూ ఉన్నాయి. వారం తిరక్కుండా డబ్బాలు చీరాల, మార్టూరు షాపులకు వెళ్ళిపోయాయి.

మూడో నెలలో ఒక ఉదయం వీరాస్వామి అనే ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. చీరాలలో చీరల నూలుకు రంగులద్దే మనిషి. ఒక చేతిలో మా డబ్బా, రెండో చేతిలో పసిబిడ్డ కింద పరిచే తెల్లగుడ్డ ఉన్నాయి.

"మా ఆడమనిషి పురిటి మంచంలో ఉందయ్యా. ఐదు రోజుల్నుంచి ఒకటే కక్కుతంది. ఏం తిన్నా ఇమడట్లేదు. మా అమ్మేమో బాలింతకి ఇదే బలమని రెండు పూటలా మీ మందే పోస్తంది. నిన్న ఈ గుడ్డ మీద ఒలికింది. చూడండి."

గుడ్డ మీద అరచేయంత నల్లమరక ఉంది. యజమాని కళ్ళజోడు సవరించుకున్నాడు.

"కషాయం మరకలు అట్లాగే ఉంటాయి. ఉతికితే పోతుంది."

"ఏ నలుపు పోద్దో, ఏ నలుపు పోదో మీరా నాకు చెప్పేది? తుప్పినుము బెల్లం నీళ్ళల్లో నానేసి పులియబెడతాం. కరక్కాయ పట్టించిన నూలుకి అది అద్దితే నల్లరంగు. ఇక చచ్చినా పోదు. మీ మందులో బెల్లం ఉంది, పులుపుంది, కరక్కాయుంది. ఇనుము ఒకటి తక్కువైతే డబ్బా ఇచ్చింది. మా ఇంటిదానికి మందు పోశారా, అద్దకం రంగు పోశారా?"

"ఊరికే నోరు పారేసుకోకు," అన్నాడు యజమాని.

వీరాస్వామి డబ్బా వంచి, మిగిలిన మందు యజమాని మల్లెపువ్వులాంటి పంచె మీద పోశాడు.

"ఉతికించుకోండి," అన్నాడు.

నేను లేచి బీరువా తెరిచాను. మిగిలిన డబ్బా, సీసా తీసి రెండు గ్లాసుల్లో పోశాను. సీసాలోది ఎర్రగా మెరుస్తోంది. డబ్బాలోది సిరా. మూడు నెలలుగా రోజూ ఆ బీరువా తలుపు తీశాను, ఒక్కసారి కూడా ఆ డబ్బా తెరవలేదు. తెరిస్తే తెలిసిపోతుందని భయం. ఆ భయానికి నా మీద నాకే అసహ్యం వేసింది.

యజమాని రెండు గ్లాసులూ చూశాడు. "షాపుల్లో ఉన్నవాటి మీద ‘నలుపు ఈ మందుకు సహజగుణం’ అని చీటీలు అంటిద్దాం," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ ఇంట్లో బాలింత ఉంటే ఇది పోస్తారా అండీ?" అన్నాను. "మీరు చీటీలు అంటిస్తే నేను ఊరూరా తిరిగి ఎందుకు నల్లబడిందో చెబుతాను. ఉద్యోగం మీ ఇష్టం."

షాపుల జాబితా, ఒక ఉలి, సుత్తి సంచిలో వేసుకుని ముందు మార్టూరు బస్సెక్కాను. నాలుగు రోజులు తిరిగాను. దొరికిన ప్రతి డబ్బాకూ ఉలితో బొక్క పెట్టి, ఆ షాపు ముందే మురిక్కాలవలో పారబోశాను. మళ్ళీ ఎవరూ అమ్మకూడదని అలా చేశాను. అమ్ముడైపోయిన డబ్బాలు ఏ ఇళ్ళకు చేరాయో కనుక్కోవడం నా వల్ల కాలేదు. ఆ ఇళ్ళల్లో ఏం జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు.

చివరగా చీరాలలో వీరాస్వామి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నాగమణి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మందు మానేశాక వాంతులు తగ్గాయట. మనిషి మాత్రం సగమైపోయింది. నేను తీసుకెళ్ళిన అరిష్టం సీసా ఇచ్చాను. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది.

"రంగు బాగుందన్నా. ఆ డబ్బాలో పోయించింది ఎవరు?"

"నేనేనమ్మా."

"అట్టా పాడవుద్దని మీకు తెలవదా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అనుమానం ఉందమ్మా," అన్నాను.

ఆమె సీసా నా చేతిలో పెట్టేసి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుని అటు తిరిగింది.

మా కంపెనీ మళ్ళీ సీసాలకే వచ్చింది. నా ఉద్యోగం పోలేదు. డబ్బాలు వద్దని తాను మొదట్నుంచీ అంటూనే ఉన్నానని మా యజమాని చెప్పుకు తిరిగాడు. ఆ పంచె మళ్ళీ కట్టగా మాత్రం చూడలేదు. శాంపిళ్ళు పట్టుకుపోయేవాళ్ళు పట్టుకుపోతూనే ఉన్నారు, పోనీ.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు సీసా మంచిదా, డబ్బా మంచిదా అని నన్ను అడుగుతుంటారు. పులుపు గురించి, లాకర్ గురించి ఓపిగ్గా చెబుతాను. నేను నేర్చుకున్నది మాత్రం అది కాదు. పులుపు రేకును తింటుందని నాకు ముందే తెలుసు. పదోరోజున ఇంకొక్కసారి "వద్దండీ" అని ఉంటే, ఆ బాలింత ఐదు రోజులు కక్కేది కాదు.