గొర్రెలకు చేతులుండవు

నాకు కోపం ఎక్కువ. తాండూరులో పద్నాలుగేళ్లుగా డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నాను. నా తిట్లు తినకుండా లైసెన్సు తెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. నా పేరు శ్రీహరి అయినా, వెనకాల అందరూ హారన్ సార్ అంటారని తెలుసు. అననివ్వండి. ఇది నా గురించి కాదు, మల్లీశ్వరి గురించి.

మల్లీశ్వరిది యాలాల్ పక్కన ఊరు, గొర్రెలు కాసుకునే ఇల్లు. ముప్పై రెండేళ్లుంటాయి. ఒక హాస్టల్లో వంట చేసేది. ఇంకో ఏడాది ఓపిక పడితే పర్మినెంట్ అయ్యే పని. అది మానేసి నా దగ్గరికి వచ్చి, "సార్, లారీ నేర్పుతరా? కారు లైసెన్సు ఉంది" అంది.

"నీకేమైనా పిచ్చా? చేతిలో ఉన్న పని వదులుకుని లారీ ఏంటి?" అని కసిరాను.

"గొర్లను తీస్కపోనీకి సార్."

ఎండాకాలం వస్తే వాళ్ల నాన్న ఎంకయ్య మందను మేతకు మక్తల్ దిక్కు తీసుకుపోతాడు. ఒకప్పుడు నడిపించుకుంటూ పోయేవారు. రోడ్ల మీద బండ్లు పెరిగాక లారీలో ఎక్కిస్తున్నారు. పదేళ్లప్పుడు మల్లీశ్వరి కూడా మందతో లారీ వెనక కూర్చుంది. ఒక మలుపులో డ్రైవర్ సడెన్ బ్రేకు కొట్టాడు. మందంతా ముందుకు పడింది. నాలుగు గొర్రెపిల్లలు తొక్కిడికి చచ్చిపోయాయి. అందులో ఒకటి ఈమె ఒళ్లోంచి జారినది.

"డ్రైవరు దిగి గూడ సూడలే సార్. మల్లొచ్చే ఏడు గూడ మా నాయిన గా లారీనే మాట్లాడిండు. వేరే గతేంది? నేను నేర్చుకుంటె నేనన్న సూస్త గద."

స్కూల్ పెట్టకముందు నేనూ ఎనిమిదేళ్లు లారీ నడిపాను. గొర్రెల లోడు ఎన్నిసార్లు తోలానో గుర్తులేదు. దిగి చూసింది మాత్రం ఒక్కసారీ లేదు.

నేర్పాను. గేర్లు తొందరగానే పట్టుకుంది. కానీ ముందు బండి కదలకపోతే హారన్ కొట్టదు, మందను అదిలించినట్టు నాలుకతో టక్ టక్ మంటుంది. వికారాబాద్‌లో టెస్టు రోజు కూడా అదే పని. పక్కనున్న ఆఫీసర్ నవ్వాడు, నేను తల పట్టుకున్నాను. అయినా పాసైంది.

లైసెన్సు వచ్చింది కదా, ఇక నన్ను వదిలేస్తుందనుకున్నాను. మర్నాడే కరణ్‌కోటలో బండలు తోలే యాకోబును బతిమాలి, అతని పాత లారీ అద్దెకు తీసుకుని వచ్చింది.

"సార్, వెనక ఎక్కుండ్రి."

"నేనా? ఎందుకు?"

"జరసేపు మీరే గొర్రె అనుకోండ్రి."

తిట్టుకుంటూనే ఎక్కి పక్క చెక్క పట్టుకున్నాను. కిటికీలోంచి తల బయటపెట్టి, "చేతులు తీయుండ్రి సార్. గొర్లకు చేతులున్నయా, పట్టుకోనీకి?" అంది.

మొదటి బ్రేకుకే బోర్లా పడ్డాను. మోచేయి గీసుకుపోయింది. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అన్నీ విని, "ఇంకోపారి సార్" అంది. అలా ఎనిమిది రోజులు పడ్డాను. తొమ్మిదో రోజు బషీరాబాద్ రోడ్డు గుంతల్లో, చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడ్డాను.

ఎంకయ్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఒక్కపారి సూస్త బిడ్డా. ఒక్క పిల్ల పోయినా మల్ల నా మంద నీ బండెక్కదు" అన్నాడు. కన్నతండ్రే ఎక్కించకపోతే చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరు ఎక్కిస్తారు? హాస్టల్లో ఆమె పనిలో అప్పటికే వేరే ఆమె చేరిపోయింది. వెనక్కి పోవడానికి దారి లేదు.

ఆ రోజు అరవై గొర్రెలు, పదకొండు గొర్రెపిల్లలు ఎక్కాయి. ఎంకయ్య మందతో వెనక కూర్చున్నాడు. నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను. కోస్గి దాటాక ఒక బైకు అడ్డం వచ్చింది. నా ముందు బ్రేకు లేకపోయినా, ఉన్నట్టే కాలితో తొక్కేశాను. ఆమె అంతకు ముందే బండి నెమ్మది చేసింది. లారీ మెల్లగా వచ్చి ఆగింది. వెనక అలికిడి లేదు. ఆ అలికిడి లేకపోవడమే నన్ను భయపెట్టింది.

మక్తల్ దగ్గర ఒక చెలక పొలం పక్కన ఆపి వెనక తలుపు దించారు. నేనూ దిగి వెళ్లాను. మూలకు ఒక పిల్ల మెడ వాల్చి పడి ఉంది. మల్లీశ్వరి అక్కడే ఆగిపోయింది. ఎంకయ్య వంగి రెండు చేతులతో ఆ పిల్లను ఎత్తాడు.

అది కళ్లు తెరిచి, నిద్ర చెడగొట్టినందుకు చిరాగ్గా మే అంది.

"పండుకున్నది" అన్నాడు ఎంకయ్య. "లారీల పండుకున్నది బిడ్డా. గిన్నేండ్లల గొర్రె లారీల పండుకునుడు నేను సూడలే" అని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. పిల్లను కూతురి చేతుల్లో పెట్టి, "వానలు పడ్డంక మందను ఇంటికి తీస్కపోనీకి మల్ల నువ్వే రావాలె" అన్నాడు.

నేను తోలిన లోడుల్లో ఒక్క గొర్రె కూడా నిద్రపోయి ఉండదు. ఆమె నా స్కూలు గుమ్మం ఎక్కకపోయి ఉంటే నాకు ఆ సంగతి తెలిసేదే కాదు. ఎక్కినందుకు ఆమెకు దండం పెట్టాలి. అప్పుడు మాత్రం, "అద్దాలు తుడుచుకోవడం రాదా నీకు?" అని తిట్టాను. పిల్లను ఎత్తుకుని నవ్వింది.

ఇప్పుడు నా దగ్గర లారీ నేర్చుకునేవాళ్లలో ఒకరు నడిపితే మిగతావాళ్లు వెనక నిలబడాలి. పట్టుకోకూడదు. ఎవరైనా పడితే, నడిపేవాడు బండి ఆపి, దిగి వెళ్లి చూసి రావాలి. వాడితోపాటు నేనూ దిగుతాను.