కొర్రలు విసరడానికి ఇద్దరు కావాలి

సోలార్ కరెంటు ప్లాంటు వచ్చాకే మా వైపు తిండిలో కొర్రలు పోయి గోధుమలు వచ్చాయని అందరూ చెబుతారు. బయటి నుంచి ఎవరైనా వస్తే ఇంకాస్త దీనంగా చెబుతారు. నేను ఒప్పుకోను. సోలార్ పలకలు వచ్చింది పొలాల్లోకి. మా ఇంట్లోంచి కొర్రలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పోయాయి. పంపించింది నేను.

అప్పట్లో వేరుశనగ సాళ్ళ మధ్య కొర్ర వేసేవాళ్ళం. ఆ గింజ పొట్టు అంత తేలిగ్గా ఊడదు. నేనూ మా తోడికోడలూ విసుర్రాయికి అటూ ఇటూ కూర్చుని, ఒకే పిడిని ఇద్దరం పట్టుకుని తిప్పేవాళ్ళం. గట్టిగా నొక్కితే గింజ నూకవుతుంది, వదిలేస్తే పొట్టు అలాగే ఉంటుంది. ఒకరు లాగేటప్పుడు రెండోవాళ్ళు చెయ్యి సడలించాలి. ఆ లెక్క మా ఇద్దరికీ మాటల్లేకుండానే కుదిరింది.

నేను డిగ్రీ చదివి కాపురానికి వచ్చినదాన్ని. గోధుమలు తింటే నాగరికం, బలం అని నా వాదన. ఒకరోజు భుజం లాగేసి నోరు జారాను.

“ఇంతసేపు ఇసిరి పిట్టలు తినేది తినాల్నా? గోదుమలు మిల్లులో ఆడిస్తే అయిపాయె.”

“మా అమ్మోళ్ళు నిడుగల్లు నుంచి పంపిచ్చిన ఇత్తనాలక్కా ఇవి. నీకు పిట్టల తిండి అయినాయా?”

“మీ అమ్మోళ్ళు పిట్టల్నే పెంచినారేమోలే. నిన్ను చూస్తే తెలుస్తాండాది.”

ఆమె పిడి వదిలి లేచి వెళ్ళిపోయింది. ఒక్కదాన్నే తిప్పి చూశాను. సగం నూక, సగం పొట్టు. మర్నాడే గోధుమలు తెప్పించాను. ఏడాది తిరగకుండా వాళ్ళు వేరు కాపురం పెట్టారు.

ఇప్పుడు మా ఆయన లేడు. పొలం సోలార్‌కు కౌలుకిచ్చాం. రెండు చపాతీలు కాల్చుకుని, టీవీ పెట్టుకుని తింటాను. షుగర్ వచ్చిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా వాదించాను, అన్నం మానేసి చపాతీలే తింటున్నాను కదా అని. “గోధుమైనా కొలతగానే తినాలమ్మా. కొర్రలకు మారి చూడండి, అవీ కొలతగానే” అంది.

వై.ఎన్.హొసకోట అంగడిలో కొర్రల ప్యాకెట్ దొరికింది. మిషన్‌లో పొట్టు తీసినవి, ఒక్క నూక లేదు. వండి గిన్నెలో పెట్టుకుని తోడికోడలి ఇంటికి వెళ్ళాను. వల్లూరులో సోలార్ పలకలు కడిగే పని నుంచి అప్పుడే వచ్చి, గడపలో కూర్చుని చపాతీ తింటోంది.

“కొర్రలా? వద్దక్కా. నాకు ఇదే అలవాటైపోయిండాది. తెల్లారేసరికి బస్సు కాడ ఉండల్ల.”

“షుగరుకు మంచిదంటమ్మే.”

“నువ్వే గదా మాన్పిచ్చింది, చదువుకున్నదానివి!” అని పగలబడి నవ్వింది. నా చేతిలో ఒక చపాతీ పెట్టింది. ఆ నవ్వులో కోపం ఉందేమోనని వెతికాను. కనబడలేదు. దానికే నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ నేనే ఆమె మనసు విరిచాననుకుని, ఆ తప్పునైనా తోడుగా ఉంచుకున్నాను.

ఒకటి అడగాలనుకుని, అడక్కుండానే తిని లేచి వచ్చేశాను. ఆ రోజు ఆమె పిడి వదిలింది నా మాటకు నొచ్చుకునా, ఆ చాకిరీ తప్పిందన్న సంతోషంతోనా?