ముందు బల్ల మీద ఇద్దరం

పరదేశ పరిచర్యకు మా చర్చి సంఘం వాళ్లు ఎన్నుకున్నది మా ఇంటామెను. నన్ను కాదు. నేను ఆమె వెంట పోయిన సామానును. విమానంలో మనిషికి ఇరవై మూడు కిలోలే ఉచితమన్నారు. నేను డెబ్బైకి తక్కువ ఉండను. ఆ లెక్కన నన్ను మూడో వంతే తీసుకుపోవాలి.

"ఏ వంతు దీస్కపోతవే?" అని అడిగాను.

"చేతులు రెండు చాలు. సంచులు మొయ్యనీకి" అంది.

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. మానేశానని అందరితో చెప్పుకుంటాను గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. తర్వాత నందికొండ కాలువ మీద లష్కరు పనిలో చేరాను. తూములకు నీళ్లు వదలడం, ఆపడం, గట్టు వెంట తిరగడం నా ఉద్యోగం. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు రిటైరయ్యాను. మా ఇంటామెది పాలమూరు. అక్కడే నర్సు చదువు చదివి, తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో కాన్పులు చేస్తూ జీవితమంతా గడిపింది. మా మండలంలో ఇప్పుడు మీసాలు దువ్వుకుంటూ తిరిగే సగం మందిని మొదటిసారి వీపు మీద చరిచి ఏడిపించింది ఆమే.

పెళ్లికి ముందు ఏదో సభలో "పరదేశంలో సేవకు ఎవరు పోతారు?" అని ప్రసంగం చేసే ఆయన అడిగితే ఆమె చెయ్యెత్తిందట. అలా ఎత్తిన చేతిని మరుసటి ఏడాది తెచ్చి నా చేతిలో పెట్టారు. తర్వాత పిల్లలు, డ్యూటీలు, మా అవ్వ మంచాన పడడం. ఎవరైనా పరదేశం మాట ఎత్తితే మాత్రం ఆమె చేస్తున్న పని ఆపి వినేది. నలభై ఏళ్ల తర్వాత కబురొచ్చింది. ఫిలిప్పీన్స్ దేశంలో ఒక చిన్న దీవికి రిటైరైన దంపతులు కావాలట. ఆమె తల్లులకు పిల్లల పెంపకం నేర్పాలి. ఇద్దరూ కలిసి ఇళ్లకు వెళ్లి క్రైస్తవ కుటుంబం ఎట్లా ఉండాలో చూపాలి. ఏడాది పాటు పరిచర్య. కానీ మొదటి మూడు నెలలు చూసి, అక్కడి పాస్టరు ఉత్తరం రాస్తేనే మిగతా తొమ్మిది నెలలు. రాయకపోతే తిరుగు విమానం. మరుసటి ఏటికి ఆమె వయసు హద్దు దాటిపోతుంది. ఇక పోనిచ్చేవాళ్లు లేరు.

ఎంపిక రోజున మా సంఘం పాస్టరు అయ్యగారు నన్ను కూడా కూర్చోబెట్టి అడిగారు. "నువ్వేం పరిచర్య జేస్తవయ్యా ఆడ?"

"తూములు ఎత్తుత, దించుత."

"ఆడ నీ కాలువలు లేవు."

"అయితే మా ఆమె పెట్టెలు ఎత్తుత, దించుత."

అయ్యగారు నవ్వి సంతకం పెట్టారు. దంపతులనే షరతు లేకపోతే ఆ సంతకం నాకు దొరికేది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

రెండు విమానాలు, ఒక పడవ, రంగురంగుల పొడవాటి జీపు ఎక్కి ఆ ఊరు చేరాం. నాకు కొత్త పెళ్లికొడుకు సంబరం. దిగీ దిగగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకొని తమ నుదుటికి ఆనించుకున్నారు. వచ్చింది నర్సమ్మ అని తెలిసి జ్వరం చూపించుకుంటున్నారేమో అనుకున్నాను.

"ఒళ్లు సల్లగనే ఉంది, పో" అని ఒక్కొక్కణ్ణి పంపించాను.

"అది దండం బెట్టుడయ్యా!" అని మా ఇంటామె తల కొట్టుకుంది. పెద్దవాళ్ల చెయ్యి నుదుటికి తాకించుకోవడం అక్కడి మర్యాద. నన్ను లోలో అన్నారు, ఆమెను లోలా అన్నారు. తాత, అవ్వ అని. మరుసటి రోజు నుంచి నేను చెయ్యి చాపుకొని ఊరంతా తిరిగాను. మా ఊళ్లో మనవళ్లు దండం పెట్టాలంటే ముందు వాళ్ల చేతిలోంచి ఫోను లాక్కోవాలి. ఇక్కడ ఉచితం.

తిండి చూస్తే ఇంకా ఆశ్చర్యం. చింతపండు పులుసు, ఎండు చేపలు, మునగాకు. సముద్రం దాటి వచ్చి మా అత్తగారింటి కంచం ముందే కూర్చున్నట్టుంది. మా ఇంటామె చింతకాయ తొక్కు సీసా తీసి పెడితే, అక్కడి సర్పంచమ్మ వేలితో నాకి, రెండో రోజు గిన్నె పట్టుకొని వచ్చింది. అరవై దాటిన ఆ సర్పంచమ్మ ఊరంతటినీ రబ్బరు చెప్పులతో నడిపించేది. ఎవరింట్లో గొడవైనా ఆమే తీర్పరి.

చిక్కు మొదటి ఆదివారమే వచ్చింది. మాకు తెలియలేదు.

మా ఊరి గుడిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. చెప్పులు బయట. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అంతే. అక్కడ కూడా మా ఇంటామె అలవాటుగా తలమీద కొంగు వేసుకొని ఎడమ పక్కకు పోయి, వెనక చివర బల్ల ఖాళీగా ఉంటే కూర్చుంది. నేను కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. చూస్తే అన్ని బల్లల మీదా మొగుడూ పెళ్లాలు, పిల్లలు కలిసి కూర్చున్నారు. మా కోసం ముందు బల్ల మీద పూలు పెట్టి, రెండు చిన్న దిండ్లు వేసి ఉంచారు. ఆ దిండ్లు ఎవరి కోసమో అనుకొని నేను ప్రసంగమంతా వాటినే చూశాను. ఎవరో పెద్ద అధికారి వస్తాడనుకున్నాను. రాలేదు. మరుసటి వారమూ రాలేదు.

మిగతా రోజుల్లోనూ మా నడవడి మా ఊళ్లో ఎట్లా ఉండేదో అట్లాగే. నేను ముందు నడుస్తాను, ఆమె పది అడుగులు వెనక వస్తుంది. ఎవరింట్లో భోజనమైనా ఆమె నిలబడి నాకు వడ్డించి, నేను లేచాక తింటుంది. ఇక పిలుపు సంగతి. కాలువ మీద నీళ్ల హోరులో గొంతు వినపడదు. అందుకని నేను ఆమెను రెండు చప్పట్లు కొట్టి పిలిచేవాణ్ణి. అదే అలవాటైంది. ఆమె మాత్రం నా పేరు ఎప్పుడూ పలకలేదు. పలికితే నా ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పిందట. నేను గొంతు చించుకొని విసిగించిన రోజుల్లో కూడా పలకలేదు కాబట్టి, ఆమెకు నా మీద ప్రేమ ఉందని నా లెక్క.

మాకంటే ముందు ఏదో చలి దేశం నుంచి వచ్చిన ముసలి జంట ఆ ఊళ్లో ఏడాది ఉండి వెళ్లారు. వాళ్లు చేతులు పట్టుకొని నడిచేవారట. ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకునేవారట. వాళ్లను చూసిన కళ్లతో మమ్మల్ని చూస్తే ఆ ఊరికి ఏమనిపించిందో ఇప్పుడు తలచుకుంటే నాకే జాలేస్తుంది.

మూడో నెల చివర్లో, మా ఇంటామె తల్లుల క్లాసుకు వెళ్లిన సమయంలో, పాస్టరూ సర్పంచమ్మా ఇంటికి వచ్చారు. పాస్టరుకు ముప్ఫై ఏళ్లుంటాయి. గట్టిగా మాట్లాడితే తనకే నొప్పి పుడుతుందేమో అన్నట్టు మాట్లాడతాడు. ఎప్పుడూ నా మాటల్ని మా ఇంటామె ఇంగ్లీషులోకి మార్చేది. మార్చేటప్పుడు వెటకారమంతా తీసేసి, చేపను శుభ్రం చేసినట్టు చేసి ఇచ్చేది. ఆ రోజు ఆమె లేదు. నేనే రంగంలోకి దిగాను.

"మీ ఇద్దరూ బాగున్నారా?" అని పాస్టరు అడిగాడు.

"ఫార్టీ ఇయర్స్ మ్యారేజ్. షి నో టాక్, ఐ నో టాక్. ఫుల్ పీస్!" అని తొడ చరుచుకొని నవ్వాను. తిరుమలగిరి హోటల్లో ఈ మాటంటే చాయ్ తాగేవాళ్లకు పొలమారుతుంది. ఇక్కడ సర్పంచమ్మ రుమాలు కళ్లకు అద్దుకుంది. నవ్వి నవ్వి నీళ్లొచ్చాయనుకొని నేను మరింత ఊపందుకున్నాను.

"ఎందుకు దూరంగా కూర్చుంటారు?"

"నియర్ సిట్, డేంజర్. షి హ్యావ్ ఎల్బో."

"ప్రేమ లేదా?"

"ఫస్ట్ ఇయర్, లవ్. ఆఫ్టర్, డ్యూటీ."

సర్పంచమ్మ చేతిలోని రుమాలు పిండుతూ, "ఆమెను మీరు ఏమని పిలుస్తారు?" అని అడిగింది.

నేను రెండు చప్పట్లు కొట్టి చూపించాను.

ఆమె లేచి నిలబడింది. పాస్టరు నా భుజం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకొని చాలాసేపు ప్రార్థన చేసి వెళ్లాడు.

మా ఇంటామె రాగానే గుమ్మంలోనే చెప్పాను. "పాస్టరొచ్చిండు. నేనే ఇంగ్లీషుల మాట్లాడిన. సర్పంచమ్మయితే కండ్లనీళ్లు తుడ్సుకున్నది."

"ఏం మాట్లాడినవ్?"

చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకే అర్థమవుతూ వచ్చింది. ఆమె సంచి కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఉత్తరం రాసేది గీ వారమే" అంది. "పెట్టెలు దించు. సదురుకుందాం" అంది.

నాకు పెట్టెలు ఎత్తడం, దించడమే పని అని నేనే అన్నాను. కానీ ఆ పెట్టె అటక మీదనుంచి దించడానికి చేతులు రాలేదు. ఆమె తల్లుల క్లాసులో గీసిన బొమ్మల కాగితాలు ఒక్కొక్కటి మడత పెడుతుంటే చూడలేక, చెప్పులు కూడా వేసుకోకుండా పాస్టరింటికి పరుగెత్తాను.

"జోక్! జోక్! ఆల్ జోక్!" అని గుమ్మంలోనే అరిచాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు. పక్కనే ఉన్న సర్పంచమ్మ మాత్రం నమ్మలేదు. మా దేశంలో గుడిలో ఎట్లా కూర్చుంటామో, భోజనం ఎట్లా వడ్డిస్తామో చేతులతో, కాళ్లతో, వాళ్ల ఇంట్లోని నాలుగు స్టూళ్లతో చూపించాను. స్టూళ్లు కుడీ ఎడమా జరిపి, ఒకటి మగ స్టూలు, ఒకటి ఆడ స్టూలు అన్నాను. పాస్టరు పెదవి బిగబట్టాడు. సర్పంచమ్మ తీర్పు చెప్పింది. అక్కడ పోట్లాడుకున్న మొగుడూ పెళ్లాలు ఆదివారం సంఘం ముందుకు రావాలి. మగవాడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవాలి. ఆమె తనకు చేసిన మేలు ఒక్కటి చెప్పాలి. తర్వాత ఇద్దరూ ఒక బల్ల మీద కూర్చోవాలి. ఉత్తరం దాని తర్వాత.

"మేం కొట్లాడలే గద!" అని మా ఇంటామె ఇంట్లో మొత్తుకుంది.

"కొట్లాడినమనుకో. ఇంతకుముందు ఉత్తగ కొట్లాడినం, గిప్పుడు సేవకోసం కొట్లాడినమనుకో" అన్నాను.

ఆదివారం వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె పేరు మూడక్షరాలు. నీళ్లు తన్నుకొస్తున్నప్పుడు తూము తలుపు ఒంటిచేత్తో దించినవాణ్ణి, ఆ మూడక్షరాలు ఎత్తలేకపోయాను. చేతులు వాటంతటవే చప్పట్లకు లేచాయి. సర్పంచమ్మ చూసిన చూపుకు మళ్లీ కిందికి దిగాయి. చివరికి పిలిచాను. నా గొంతు నాకే పరాయి మనిషిది లాగ వినపడింది. మా ఇంటామె తల దించుకొని, కొంగు నోట్లో కుక్కుకొని, భుజాలు అదురుతుంటే నిలబడింది. ఆడవాళ్లంతా ఏడుస్తోందనుకొని "అయ్యో" అన్నట్టు మూలిగారు. నాకు తెలుసు, అది నవ్వు.

ఇక మేలు చెప్పాలి. ఇంగ్లీషులోనే చెప్పాను. కాలువ పనిలో ప్రమోషన్ పరీక్షకు అంకెలూ ఇంగ్లీషూ కావాలంటే, పగలంతా డ్యూటీలు చేసి వచ్చి, పొయ్యి ముందు కూర్చోబెట్టి నాకు ఇంగ్లీషు నేర్పింది ఆమేనని చెప్పాను. "దిస్ ఇంగ్లీష్, షి గివ్. మిస్టేక్స్, మై ఓన్."

పాస్టరు పక్కుమన్నాడు. దాంతో బల్లలన్నీ ఊగాయి. మూడు నెలల్లో ఆ దీవిలో పండిన నా మొదటి జోకు అదే. అదీ నిజం కలిపితే పండింది.

సర్పంచమ్మ మా ఇంటామె వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు" అంది.

"అమ్మో, నాతోని గాదు!" అని మా ఇంటామె తెలుగులోనే అంది. వదల్లేదు వాళ్లు. చప్పట్లు కొడుతూనే ఉన్నారు. చివరికి ఆమె కళ్లు గట్టిగా మూసుకొని నా పేరు పలికింది. ఎవరిని పిలిచిందా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

ముందు బల్ల మీద, దిండ్ల మీద, ఇద్దరం కూర్చున్నాం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ల మీద పెడితే ఫొటో దిగుతున్నట్టుంది. కట్టుకుంటే బడిలో శిక్ష లాగుంది. ఆమె మోచెయ్యి నిజంగానే తగిలింది. నేను కిసుక్కుమన్నాను. ఆమె మళ్లీ తగిలించింది, ఈసారి కావాలనే. ప్రసంగమంతా అదే పని.

గురువారం ఉత్తరం వెళ్లింది. మిగతా తొమ్మిది నెలలు మాకు దక్కాయి. ఆమె కాగితాలు మళ్లీ గోడకెక్కాయి. తల్లుల క్లాసుకు పక్క దీవి నుంచి కూడా పడవల్లో రావడం మొదలైంది. నేను సంచులు మోశాను.

తిరిగొచ్చాక మా ఊరి గుడిలో అక్కడి సేవ గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు, చెప్పులు బయట. నేను ముందుకు పోయి, విమానం నుంచి మునగాకు దాకా అన్నీ చెప్పి, చివర్లో ఛాతీ పొంగించి, "మా ఇంటామె సేవ ఏడాది నిలబడ్డదంటే గీ నోటి వల్లనే" అన్నాను.

ఆడవాళ్ల వైపు నుంచి ఆమె గొంతు లేచింది.

"ఊడగొట్టబోయింది గూడ గా నోరే గద. గది గూడ జెప్పి కూసో."