మైకులో వినిపించిన పేరు

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యమంటే కన్నీళ్ళతో మొదలై సంతోషంతో ముగుస్తుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు, కానీ నాది కోపంతో మొదలవుతుంది, ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు, పోయిందని ఈ పత్రికలో అబద్ధం రాయలేను. ఎంతోకాలం మోకరిస్తే ప్రార్థన రాలేదు, అన్నం సయించలేదు, మందిరం గంట వినబడితే కిటికీలు మూసేసేదాన్ని! దేవుని బిడ్డనని చెప్పుకునే నాకు దేవుని ఇల్లే పడకుండా పోయింది.

నేను మనసు బాధల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడే కౌన్సెలర్‌ని. నెల్లూరులో చదివి, అక్కడే ఒక ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశాను. మా సముద్రం పక్క ఊళ్ళ ఆడవాళ్ళు అంతదూరం రాలేరని, వచ్చినా పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందన్న పేరు పడుతుందని భయపడతారని, మా ఊళ్ళోనే సొంతంగా మొదలుపెట్టాను. బోర్డు చూసి ఎవరూ లోపలికి రాలేదు. అప్పుడు మా పాస్టరు గారు మందిరం పక్కన ఉన్న గది ఇచ్చారు, ఆదివారం ఆరాధనలో నన్ను నిలబెట్టి అందరికీ పరిచయం చేశారు. స్త్రీల ప్రార్థన గుంపుకు పెద్దగా ఉన్న అక్క ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. సంఘం చెయ్యి పట్టుకుంటే పని ఎట్లా పెరుగుతుందో అప్పుడు చూశాను! విశ్వాసులు వచ్చారు, వాళ్ళ మాట విని జువ్వలదిన్నె వైపు జాలరి పాళేల నుంచి ప్రభువును ఎరగని ఇళ్ళ ఆడవాళ్ళు కూడా ఆటోలు ఎక్కి వచ్చారు. దేవుడే తలుపు తెరిచాడని స్తుతించాను.

అట్లా వచ్చినవాళ్ళలో ఒక చెల్లెలు ఉంది. ఆమె పేరు, ఊరు రాయను. పుట్టిన బిడ్డ చేతుల్లోనే పోయింది, ఆ తర్వాత బతకాలని లేదని మొదటిసారి నాతోనే నోరు తెరిచి చెప్పింది. చెడ్డ ఆలోచన వస్తే ముందు నాకు ఫోన్ చేస్తానని మాట ఇచ్చింది. వారం వారం వచ్చేది. మెల్లగా తినడం మొదలుపెట్టింది, ఒకసారి నవ్వింది కూడా.

గది బయట చెప్పులు విడిచి కదా ఎవరైనా లోపలికి వచ్చేది. మా ప్రార్థన గుంపు ఆడవాళ్ళు వసారాలో కూర్చుని, ఆ చెప్పులు చూసి లోపల ఎవరున్నారో పోల్చుకుని, అక్కడే వాళ్ళకోసం ప్రార్థన మొదలుపెట్టేవాళ్ళు! చెప్పులు కొత్తవైతే ఆటో అతన్ని అడిగి పేరు, ఊరు తెలుసుకునేవాళ్ళు, తలుపు సందులోంచి లోపలి మాటలు ఒకటీ అరా వాళ్ళ చెవిన పడేవి. ఇదంతా ప్రేమేనట. వద్దక్కా అని చెబితే, ప్రార్థననే వద్దంటావా అన్నట్టు నా ముఖంలోకి చూశారు. పాస్టరు గారితో చెప్పుకుంటే, పేరు తెలిస్తేనే కదమ్మా భారంతో ప్రార్థించేది అన్నారు.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ గుంపు పెద్దక్క మైకు తీసుకుంది. మా మందిరం మైకు చుట్టుపక్కల పాళేల దాకా వినిపిస్తుంది. ఆ చెల్లెలి పేరు చెప్పింది, అత్తగారి ఊరు చెప్పింది, చావాలనే దురాత్మ ఈమెను విడిచిపోవాలని ఏడ్చి ఏడ్చి ప్రార్థించింది, జనమంతా ఆమేన్ అన్నారు. నేను లేచి మైకు దగ్గరికి పోయేలోగా అంతా అయిపోయింది. సహోదరులారా, ఆ ఆమేన్ నేను ఈనాటికీ మరచిపోలేదు.

సాయంత్రానికల్లా మాట ఆ ఇంటికి చేరింది. అత్తగారు ఆమె ఫోను తీసేసుకుంది, గడప దాటనివ్వలేదు. నేను వెళితే వాకిట్లోనే ఆపేసింది.

“మా ఇంటి మాట మైకులో చెప్పిచ్చినావు. ఇంకా ఏం కావాల నీకు?”

తలుపు మూసేసింది. లోపల ఆ పిల్ల ఎట్లా ఉందో తెలియకుండా తిరిగొచ్చాను. బాలింత కదా, రోజూ ఒకసారి చూసి రమ్మని ఆ ఊరి ఆశా కార్యకర్తను బతిమాలుకున్నాను. ఇక నా గదికి ఎవరూ రాలేదు, ఎందుకొస్తారు? సాతాను నా పని చెడగొట్టాడని పెద్దక్క అందరితో చెప్పింది. సాతానుకు అంత కష్టం ఎందుకు, మనం ఉండగా!

ఒక మధ్యాహ్నం ఆ ఖాళీ గదిలో నేలమీద పడి ఇట్లా ప్రార్థించాను: “ప్రభువా, నీ ఇంట్లోనే ఆ పిల్లను బజారుకీడ్చారు. నా పని పోతే పోనీ. ఆమెను బతికించు. ఆ తలుపు తియ్యడం నావల్ల కాదు, నువ్వే తియ్యి.” అప్పుడు గుర్తొచ్చింది, యేసు ప్రభువు తాను బాగుచేసిన కొందరిని ఎవరితోనూ చెప్పవద్దని పంపించాడు కదా! చిన్నప్పటి నుంచి విన్న సంగతే, ఆ రోజే చెవికెక్కింది.

గది తాళాలు పాస్టరు గారికి ఇచ్చేశాను. కోవూరులో తెలిసినామె బట్టలు కుట్టే అంగడి వెనక గదిలో కూర్చున్నాను, బోర్డు పెట్టలేదు. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడమనిషిని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఊరూరా తిరిగి నర్సమ్మలను, అంగన్‌వాడీ టీచర్లను, ఆశా కార్యకర్తలను కలిశాను. బాధలో ఉన్నవాళ్ళు కనిపిస్తే నా నంబరు, అంగడి గుర్తులు ఇవ్వండి, ఎవరికిచ్చారో నాకు కూడా చెప్పవద్దు అన్నాను.

కొన్నాళ్ళకు ఆ అంగడి వెనక గుమ్మంలో ఒక పెద్దామె నిలబడింది, చేతిలో జాకెట్టు గుడ్డ, వెనక ఆ చెల్లెలు! అత్తగారే తోడుకొచ్చింది.

“గుడ్డలు కుట్టించేదానికి పోతా ఉండామని ఇంట్లో చెప్పినా. దీన్ని చూస్తే నాకు భయమేస్తా ఉంది. ఎవురికీ చెప్పబాకమ్మా. మీ దేవుడికి చెప్పుకో, అంతే.”

దేవుడు ఆ తలుపు తీశాడు, మమ్మల్ని ముంచిన మైకుతో కాదు, నోరు మెదపని మనుషులతో తీశాడు! నెల్లూరులో డాక్టరు గారి మందులు కూడా వాడింది, నా దగ్గరికీ వచ్చింది, ఆ పిల్ల బతికింది. తర్వాత చాలామంది ఆడవాళ్ళు గుడ్డలు చంకలో పెట్టుకుని వస్తున్నారు. ఎవరు పంపారని నేను అడగను.

మొన్న మా సంఘం వాళ్ళు సభల్లో ఆమెను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించమన్నారు. నాకు ఒళ్ళు మండింది, కుదరదని చెప్పాను. క్షమించే మనసివ్వు ప్రభువా అని అడుగుతూనే ఉన్నాను, సగమే క్షమించగలిగాను, మిగతా సగానికి మీరు ప్రార్థించండి.

ఇది చదివే బిడ్డలారా, బతుకు బరువైతే ప్రభువును నమ్ముకోండి, నోరు జారని మనిషిని వెతుక్కుని చెప్పుకోండి, సిగ్గుపడకండి. సంఘ పెద్దలారా, ఆయనకు మన పేర్లన్నీ ముందే తెలుసు, మైకులో చెప్పనక్కర్లేదు.

ఇది రాసే ముందు ఆ చెల్లెలిని అడిగాను, మా సంఘం వాళ్ళు చదివితే నువ్వేనని తెలిసిపోతుంది, వద్దంటే రాయను అన్నాను. ఆమె రాయమనే చెప్పింది.

“నేను సస్తానని విన్నారు కదక్కా అందురూ. బతికుండానని కూడా విననీ.”

దేవునికే మహిమ.